నాలుగో కిటికీ

రోటర్‌డామ్‌లో వాన నిలువుగా పడదు.
పక్క నుంచి వచ్చి చెవిలో దూరుతుంది.
ఎర్మెలిందా నిలువెల్లా తడిసి వచ్చింది,
కోటు లోపలి ఉత్తరం మాత్రం పొడిగా ఉంది.

నాలుగో కిటికీ నాది. పందొమ్మిదేళ్లుగా.
అద్దంలో గుండ్రటి కంత, మాట పట్టేంత.
అందులోంచి ఆమె లోపలికి తోసింది ఒక్కటే:
"ఎందుకు?"

ఉత్తరం మా ఆఫీసుదే. కింద పేరు నాదే,
షూర్డ్ హూకెమా, అచ్చు వేసిన సంతకం.
"మీ భత్యం నిలిపివేయబడినది."
కర్త లేని వాక్యం.
చేసినవాడు దొడ్డిదారిన జారుకున్నాక
క్రియ ఒక్కటే గుమ్మంలో నిలబడి
అందరికీ సమాధానం చెబుతున్నట్టు.

తెర చూశాను. సున్నా పాయింట్ ఎనిమిది ఒకటి.
ఏడు దాటితే ఎరుపు.
"ఏమైనా దాచారా?" అని అడగాలి, నియమం.
"మోకాలి నొప్పి దాచాను" అంది,
"రాత్రుళ్లు డిపోలో ట్రాములు కడిగేటప్పుడు.
మా అక్క ఒక సంచి మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు పంపింది.
అది ఆదాయమా?"

తెలియదన్నాను.
మా దగ్గర అలా అనకూడదు,
యంత్రానికి తెలుసు అనాలి.
అదీ అన్నాను.

"అయితే దాన్నే పిలవండి" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

పై అధికారిణి అన్నెఖీన్‌ని అడిగితే
కాఫీ కప్పు మీంచి కళ్లెత్తకుండా చెప్పింది:
"అది సలహా మాత్రమే, షూర్డ్. నిర్ణయం మనిషిదే."
ఏ మనిషిది అని నేను అడగలేదు.
కప్పు మీద ఎవరి పిల్లలో వేసిన సూర్యుడు.

అందరూ వెళ్లాక పరీక్ష పేజీ తెరిచాను.
నన్ను నేనే నింపుకున్నాను:
మగ, యాభై మూడు, ఫ్రీస్లాండ్‌లో పుట్టుక, సొంత ఫ్లాటు.
సున్నా పాయింట్ ఒకటి రెండు. పచ్చ.
పెద్దమనిషిని.

వీధి మార్చి ఆమె వీధి పెట్టాను. రెండు ఆరు.
ఒంటరినని చెప్పి ఒక బిడ్డను కలిపాను. మూడు తొమ్మిది.
ఇంట్లో మాట్లాడే భాష తీసేసి
ఆమె దీవి భాష వేశాను.
మూడేళ్లలో మూడు ఇళ్లు మారాను.
ఆడదాన్నయ్యాను.
ఒక్క పైసా ముట్టలేదు, కుర్చీలోంచి కదల్లేదు,
అయినా మెట్టు మెట్టుకీ దొంగనవుతూ వచ్చి
ఆరు ఆరు దగ్గర ఆగిపోయాను.

ఆరు ఆరు. ఇంకా పచ్చే.
మిగతాది ఎక్కడిది?

ఆమె ఫైలు అడుగుదాకా వెళ్లాను.
చివర్లో చిన్న గడి, గుమాస్తాలు నింపేది:
జవాబు చెప్పడంలో తడబాటు.
టిక్కు పెట్టి ఉంది. మార్చి పదకొండు. కిటికీ నాలుగు.

ఆ రోజు నాకు గుర్తు లేదు.
పంటి నొప్పేమో. వరస పెద్దదేమో.
ఒక టిక్కు, ఈగను తోలినంత సేపు.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది, వాన లేదు.
ఉత్తరం అడిగి తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను.
పక్కన పెన్నుతో రాశాను:
"మీ భత్యం నేను ఆపాను.
మీరు ఒక మాట కోసం వెతుక్కుంటుంటే
నేను ఒక గడి నొక్కాను."
కింద చేత్తో సంతకం. అలవాటు తప్పిన చెయ్యి,
మొదటి అక్షరమే వంకర పోయింది.

పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.
"ఆ రోజు నాకు దొరకని మాట 'గడువు'" అంది.
"ఇప్పుడు వచ్చు."
కాగితం మడిచి కోటు లోపల పెట్టుకుంది.
"దీంతో అద్దె కట్టొచ్చా?"

నా వెనక బోర్డు మీద అంకె మారింది.
ఎనభై రెండో నంబరు
టోపీ చేత పట్టుకుని
లేచి నిలబడ్డాడు.