సబ్బు బూడిద

ఆ ఏడు యూరియా వచ్చింది,
పొటాష్ రాలేదు.
ముందు పత్తి వాళ్లకి అన్నారు కొట్టులో,
తర్వాత ఓడ రాలేదన్నారు,
ఆ తర్వాత తలుపుకున్న తాళమే జవాబు.

అల్లాడా ఎర్రమట్టిలో
పదిహేను వేల అనాస మొక్కలు నావి.
నడుముకి గిన్నె కట్టుకుని వరసల్లో వంగితే
సీసా మూతే నా తూనిక.
మొక్కకో మూతెడు తెల్ల గుళికలు
అడుగాకు చంకలో.
ముళ్లు గీసిన చేతుల మీద
ఉప్పు రాసినట్టు మండేది.

ఆకులు మాత్రం నవ్వాయి.
పచ్చన కాదు, నలుపు తిరిగిన పచ్చ.
మా దోసు అన్నిటికన్నా పొడుగాకు పీకి
నేల మీద నిలబెట్టుకుని కొలిచాడు.
"అమ్మా, నా గెడ్డం దాకా వచ్చింది!"
వాడి నవ్వు చూసి
నేనూ అప్పు లెక్క మర్చిపోయాను.

కాయలు బిందెల్లా ఊరాయి.
కాడలు సన్నం.
తలబరువు ఆపుకోలేక ఒరిగి
హర్మటాన్ ఎండలో
ఒక చెంప కాల్చుకున్నాయి చాలా.

బేరగాడు ఒనోరే వచ్చాడు,
జేబులోంచి గాజు గొట్టం తీశాడు,
ఒక చుక్క రసం వేసి
ఒంటికన్నుతో ఆకాశంలోకి చూశాడు.
"పది."
వాడికి పద్నాలుగు కావాలి.
పైన పటారం లోన లొటారం అని
గొట్టం లేకుండా నా నాలుకే చెప్పేది,
నీళ్లు నమిలినట్టుంది.
లారీ ఖాళీగానే వెనక్కి తిరిగింది.
పళ్లన్నీ రసం మిల్లుకి, సగం ధరకి.

హువేఫా సబ్బు వండుతుంది మా వెనక వీధిలో.
నూనె పిండేసిన పామాయిల్ గెలలు
ఎండబెట్టి, కాల్చి, బూడిద చేసి
నీళ్లు పోసి కారం దింపుతుంది.
"నీళ్లు పోయకముందు
రెండు బుట్టలు ఇస్తావా?" అడిగాను.
"సబ్బుకా?"
"చక్కెరకి."
నా మొహం వంక చూసింది చాలాసేపు.
"యూరియాతో కలిపేవు సుమా!
ముక్కు పగిలే ఘాటై
నీ డబ్బు గాలిలో పోతుంది."
ఈమెకెలా తెలుసో!
"డబ్బు వద్దులే,
మొదటి పండు నాకు కోసి పెట్టు."

రెండు బుట్టలు ఎన్ని మొక్కలకి?
మూడు వరసలు. మూడే.
వాన పడిన మర్నాడు
మొదళ్ల చుట్టూ చల్లి మట్టి కప్పాను.
మిగతా తోటకి దేవుడే దిక్కు.

పండిన రోజు గొట్టం లేదు, ఒనోరే లేడు.
పొయ్యి పక్కన పీట మీద
హువేఫా కొరికింది.
కారం తిని పగిలిన వేళ్ల సందుల్లోకి
రసం దిగింది.
"అబ్బ, మండుతోంది" అంది.
చెయ్యి కడుక్కుందామని లేచి
మళ్లీ కూర్చుంది.
"మండనీ.
ఇంకో ముక్క కొయ్యి."