రెండు నిమిషాల పది సెకన్లు

మంగళ, గురు, శనివారాలు
నల్ల కళ్లద్దాలు పెట్టుకుని
దీపాల గదిలో నిలబడతాను.
చుట్టూ నిలువెత్తు గొట్టాలు, నీలంగా గుయ్యిమంటూ.
మొదటిరోజు ఇరవై సెకన్లు.
ఇప్పుడు రెండు నిమిషాల పది.
బయట పుంటా అరేనస్ గాలి
ఆసుపత్రి తలుపుల్ని ఊడబెరుకుతూ ఉంటుంది.

మోచేతుల మీద, మోకాళ్ల మీద, జుట్టు మొదట్లో
ఏళ్ల తరబడి చేపలా పొలుసులు రాల్చాను.
నేను లేచిన కుర్చీ చుట్టూ పిండి చల్లినట్టుండేది.
"ఏ క్రిమీ లేదు," అంది డాక్టర్ వెస్నా.
"నీ కాపలావాళ్లే నిన్ను పీకుతున్నారు.
కంచే చేను మేస్తోంది."

ఈ వెలుతురు వాళ్లకి నిద్రమందు.
చర్మం పైపొరలో
చేతులు చాచిన చుక్కల్లాంటి కణాలుంటాయట,
వచ్చేపోయే ప్రతిదాన్నీ తడిమిచూసే తలారులు.
కిరణం తగిలితే చేతులు ముడుచుకుని
చంకల్లోని, గజ్జల్లోని గ్రంథుల దాకా నడిచివెళ్లి
"ఏం లేదు, పడుకోండి" అని చెబుతాయట.

పడుకుంటున్నారు.
పదకొండో వారానికి నా మోచేయి నాకే కొత్త.
పొట్టిచేతుల చొక్కా కొన్నాను,
ఈ ఊళ్లో అది తొడిగేంత వేడి రాదని తెలిసీ.

అన్నయ్యా, ఎరాస్మో,
నీకు కళ్లద్దాల్లేవు, గడియారమూ లేదు.
నలభై ఏళ్లు జలసంధిలో ఎర్రపీతల బోనులు లాగావు,
ముఖం ఆకాశానికి అప్పగించి.
చలే కదా అనుకున్నాం.
చలిలో ఎండకి పళ్లుండవనుకున్నాం.
వసంతంలో నడినెత్తిన ఓజోను పలచబడితే
బడి గోడమీద జెండా రంగు మార్చేవారు.
ఊదారంగు ఎగిరిన రోజున కూడా
"పీతలకి రంగులు తెలీవు" అని నవ్వి వెళ్లావు.

ప్రతి అక్టోబరులో పడవ దిగేసరికి
నీ కింది పెదవిమీద నీటిపొక్కుల గుత్తి.
"ఎవత్తిని ముద్దుపెట్టుకున్నావురా" అని అమ్మ వేళాకోళం.
అది ఆ ఏటిది కాదు.
చిన్నప్పటినుంచీ నీ నరంలో నక్కి ఉన్నది,
కాపలా కునికినప్పుడల్లా లేచొచ్చేది.
వాసెలిన్ రాసుకుని మళ్లీ పడవెక్కావు.

ఇప్పుడు చెవి అంచున
బియ్యపుగింజంత పెచ్చు.
రాలుతుంది, కడుతుంది, మానదు.
నొప్పి లేదుగా అంటావు.
కేక పెట్టాల్సినవాళ్లు నిద్రలో ఉన్నారు, అన్నయ్యా.
అది నీ కణమే, నీ పోలికే, ఎండలో మతి తప్పింది.
ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ
నీలో పట్టేవాళ్లుండేవారు,
రోజుకొకణ్ణి, చడీచప్పుడు లేకుండా.

వెస్నాని అడిగాను: మందా, విషమా?
నా కళ్లద్దాలు తుడిచి పెట్టెలో పెడుతూ
"ఎంతసేపు అని అడుగు" అంది.
కాసేపాగి,
"నీ లెక్క కూడా రాసిపెడుతున్నాను.
ఏదో ఒకరోజు ఆపేస్తాం."

శుక్రవారం నీ చెవి కోస్తారు.
వెడల్పంచు టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు కుట్టాను,
నువ్వు కట్టుకోవని తెలుసు.

రేపు మంగళవారం. నాకు రెండు నిమిషాల ఇరవై.
నీ లెక్క ఎవరూ రాయలేదు.
నేనే రాద్దామని కూర్చున్నాను:
నలభై వసంతాలు,
వసంతానికి ఎన్ని పగళ్లు,
పగటికి ఎన్ని బోనులు,
బోనుకి ఎన్నిసార్లు తలెత్తి చూసుంటావు...

కాగితం మీదకి ఎండ పాకింది.
లేచి కిటికీ తెర లాగాను.