ఎనిమిది గంటల రేవు

ఓడలో నా లాండ్రీ నీటిమట్టానికి దిగువన.
కిటికీ లేదు.
సముద్రం గోడకవతల
పక్కింటోళ్ల గొడవలా వినబడతా ఉంటుంది.

రేవులో ఆగిన సాయంత్రం
పైవాళ్ల బట్టలు మూటలుగా జారి పడతాయి.
వాళ్లు యాడికి పోయొచ్చిందీ నాకెవరూ చెప్పక్కర్లేదు.
మోకాళ్ల దగ్గర ఎర్రమన్నుంటే కొండెక్కినారు.
తువ్వాల్లో ఇసుకుంటే సరే, అది చిన్నపిల్లకీ తెలుస్తుంది.
ఈ బుల్లి సాక్సుకి అంటుకున్న పల్లేరుకాయ,
పాపం, వాడు ఏడ్చుంటాడు.

ఆరేళ్లు.
ఎన్ని దేశాల మట్టో నా చేతుల్లో నురగై పోయింది.
ఒక్కదాంట్లోనూ నా కాలు మునగలేదు.

ఈ తూరి మద్రాసులో ఆగింది ఓడ.
ఎనిమిది గంటల సెలవు.
గేటు బయట మా బామ్మర్ది మొగిలి
టమోటాలు తోలే బండి కడిగి తెచ్చినాడు,
అయినా టమోటా వాసనే.
వెనక గోమతి, పిలకాయలు,
తడిగుడ్డలో చుట్టిన సంగటి ముద్దలు,
చెనిక్కాయల ఊరిబిండి డబ్బా ఒళ్లో.

"గుడికా?" అంటి.
"దేవుడు యాడికీ పోడులే. ఉబ్బలమడుగుకి పోదాం.
మీ ఓడోళ్లు పోతారంటివే, అట్లా" అనింది.

సత్యవేడు మలుపు దగ్గర మొగిలి బండి నిదానం చేసినాడు.
"ఇల్లు చూస్తావా బావా?"
గోమతి గడియారం చూసింది. నేను గోమతిని చూసినాను.
చింతచెట్ల మీదుగా మా నీళ్ల ట్యాంకు మూత,
నేను దుబాయి నుంచి డబ్బు పంపితే కొనిన నల్లమూత,
కనబడింది. పోయింది.

వరదయ్యపాళెం దాటినాక అడవి.
కార్తీక వానలకి వాగు బాగా మాట్లాడతా ఉంది.
రాళ్ల మీద మోక్షిత ముందు, మేక మాదిరి.
నాలుగేళ్ల జ్ఞాన నా వేలు పట్టుకుని
తిప్పి తిప్పి చూసినాడు,
సోడాకీ బ్లీచుకీ ముడతలు పడిన వేలు.
"నాయనా, నీ చేతులు మాత్రం ముసిలోళ్లవా?"

నేను జవాబు వెతికే లోపల
నేల ఊగింది.
మూణ్ణెల్లు ఓడలో ఉండొస్తే అంతే, కదలని దానిమీద నిలబడలేం.
మోకాటిలోతు నీళ్లలో వెల్లకిలా పడితి.
"సముద్రంలో ఉండే నాయన వాగులో మునిగినాడోచ్!"
మోక్షిత అరుపుకి ఎగవ కొండ కూడా నవ్వింది.

పై మడుగు దగ్గర నీళ్లు నల్లంగా ఉండాయి.
లోతు చెప్పడానికి మొగిలి కర్ర వెతకతా ఉన్నాడు.
గోమతి చున్నీ బిగించి నడుముకి కట్టింది,
గాజులు తీసి మోక్షిత చేతికిచ్చింది,
బండ మీంచి దూకేసింది.

మేమంతా నోళ్లు తెరుచుకున్నాం.
అవతలి ఒడ్డున తల లేచింది, ముక్కు చీదింది,
వెల్లకిలా తేలింది, ఆకాశాన్ని చూస్తా.
"నీకు ఈతొచ్చా?"
"మా నాయన బాయిలో నేర్చుకున్నా. ఏడేళ్లప్పుడు."
"పెండ్లై పదేండ్లు. ఎప్పుడూ చెప్పలేదే!"
"నువ్వెప్పుడన్నా అడిగితివా?"

ఓడలోకి ఎక్కే ముందు నాకూ నేర్పినారు,
జాకెట్టు కట్టుకుని తేలడం. అది ఈత కాదు.
ఒడ్డున కూచుని సంగటి తిన్నాను,
నా పెండ్లాం నీళ్లలో కొత్తమనిషిలా తిరగతా ఉంటే.
ఊరిబిండిలో కారం ఎక్కువైంది.
కండ్లు తుడుచుకోడానికి అది బాగానే పనికొచ్చింది.

నాలుగింటికి పది నిమిషాలు తక్కువగా గేటు.
గోమతి జడలోంచి ఇంకా నీళ్లు కారతా ఉండాయి.
ఏమీ మాట్లాడుకోలేదు. పిల్లోడు నిద్రపోయినాడు.

రాత్రి మూటలు జారినాయి ఎప్పటిలాగే.
వాళ్ల చొక్కాలు, వాళ్ల ఎండ, వాళ్ల ఇసుక.
వాటితోపాటు నా ప్యాంటు కూడా వేసినాను,
జేబులు చూసుకోకుండా.

మూడో చుట్టుకి టకటకమని మొదలైంది.
జ్ఞాన ఎప్పుడు వేసినాడో, ఎన్ని వేసినాడో.
"ఏదో రాయి పడింది, మిషనాపు!" సూపర్‌వైజరు కేకేసినాడు.

"ఆపతాను సార్.
ఇంకో రెండు చుట్లు."