పేరు దిద్దుబాటు

చండూరు మీసేవల మూడో కుర్చీ నాది.
పదింటికి కరెంటు, పదకొండింటికి సర్వరు,
నడుమ ఆమె.
ప్లాస్టిక్ కవరు విప్పి బల్ల మీద
ఐదుగురు ఆడోళ్లను పరిచింది.

ఓటరు కార్డుల ఒల్లెమ్మ.
రేషన్ కార్డుల ఓబులమ్మ,
రాసినాయనకు కడప దిక్కు చుట్టాలున్నరేమో.
బ్యాంకు పుస్తకంల వోలమ్మ.
ఆధారేమో ఆమెను మూడు ముక్కలు జేసి
ఒల్ వెన్ అమ్మ అని ఎడంఎడంగ నిలబెట్టింది.
బడి రిజిస్టరు నకలుల ఓల్వేణి,
ఆ పంతులెవరో గాని
లేని జడ అల్లి పంపిండు.

"గిండ్ల నువ్వెవరు పెద్దమ్మా?"
"అందరం నేనే బిడ్డా.
పింఛనే ఎవ్వరికీ వస్తలేదు."

అసలు పేరు ఓల్వెన్.
దేవరకొండ బాటల మిషన్ దవాఖాన ఉన్న రోజుల్ల
ఎదురుకాళ్లతోని పుట్టిందట.
తల కన్న ముందు ఒక కాలు వచ్చింది,
తెల్లటి జిగురు అంటుకొని.
కాన్పు జేసిన నర్సమ్మది ఆ పేరు.
ఇంగ్లండు దొరసానీ అని పిలిస్తే
మొఖం ముడుచుకునేదట నర్సమ్మ,
మాది వేల్స్, మా మాట వేరు అనేదట,
మన మాటను ఎవరన్న యాస అంటే
మనకు సుర్రుమన్నట్టే.

ఓల్వెనంటే తెల్ల అడుగని చెప్పింది.
తల్లి కొమరమ్మ ఇది యాడ మరుస్తనో అని
మూడేండ్ల పిల్లను పచ్చబొట్లామె ముందట కూసోబెట్టి
ముంజేతి మీద పాదం పొడిపించింది.
తెల్ల అడుగు పచ్చగ దిగింది.
చెయ్యి చాపి చూపెట్టింది నాకు.
వేళ్లు నాలుగే ఉన్నయి.
"ఐదోదానికి లేసి ఉరికిన."

ఆ ఏడు ఆ పేరు ముగ్గురికి పెట్టిన్రట.
ఒకామె పాలమూరు దిక్కు కోడలైపోయి,
ఆడికెంచి బొంబాయి మట్టిపనికి పోయి
ఓలీబాయి అయింది.
ఒకటి ఏడు నిండకముందే తట్టుకు పోయింది.
నర్సమ్మ ఓడెక్కింది, ఉత్తరం రాలే.

మిగిలిన ఈమె దగ్గరికి
నడుం పట్టినోళ్లు వచ్చి బోర్ల పండేటోళ్లు.
ఎదురుకాళ్ల బిడ్డ కాలు తగిలితే పట్టు ఇడుస్తది కద.
ఒకపారి గడీకెంచి పిలుపొచ్చింది.
ఒల్ల, అన్నది.
బండి పంపిన్రు. ఒల్ల.
"వంగి పట్టిన నడుముకైతే మందుంది,
వంగకుంట పట్టినదానికి నేనేం జెయ్యాలె?"
అప్పటిసంది ఊరికి ఆమె ఒల్లెమ్మ.

ఇప్పుడు ఆమె నడుమే కొడవలి.
ముప్పై ఏండ్ల బోరు నీళ్లు
బొక్కల్ల సున్నమై కూసున్నయి.
తన్నేటోళ్లు ఊర్ల ఇంకెవరూ లేరు.

వేలు పెట్టుమన్న.
పత్తి ఏరిన వేలు, గీతలు ఎప్పుడో అరిగినయి.
మిషన్ల ఎర్రలైటు.
"అది గూడ ఒల్లనంటుందా?"
గారపండ్లతోని నవ్వింది.
"కాలు పెట్టమంటవా?"

కంప్యూటర్ల పేరుకు డబ్బా ఒక్కటే.
ఏది ఉంచాలె, అడిగిన.
చానసేపు చూసింది ఐదుగురినీ,
చుట్టాలింట్ల పిల్లలను చూసినట్టు.
"ఓల్వెన్ అని రాయి.
ఆ తట్టుకు పోయిన పిల్ల వాడుకోనే లేదు,
కొత్తగనే ఉంటది."

కొట్టిన. పెండింగ్ అని వచ్చింది.
ఐతారం కాక ఏ దినమన్న రమ్మన్న.

ఆమె పోయినంక చూసిన.
చౌడు చేన్లకెంచి నడిచొచ్చినట్టుంది,
గచ్చు మీద తడి ఆరి తెల్లగ లేసినయి అడుగులు,
ఒకటి సక్కగ, ఒకటి లోపలికి తిరిగి,
గడప కాడికెంచి నా బల్ల దాక.

తడిబట్టతోని చంద్రకళ వచ్చింది.
అటు మూల నుంచి మొదలువెట్టు, అన్న.