పేజీకి పదిహేను దిర్హాములు

షార్జాల, రోలా వెనక సందుల
నాది టైపింగ్ సెంటర్.
వీసా రెన్యువల్, కరెంటు కనెక్షన్, పోయిన పాస్‌పోర్టు,
ఎవరి కష్టమైనా పేజీకి పదిహేను దిర్హాములు.
అరబీ నేను బడిల నేర్వలే,
పదకొండేండ్లు పరాయి అర్జీలు కొట్టి కొట్టి నేర్చిన.

ఆ పొద్దు జొహర్ నమాజు అయినంక
నాఖుదా అబ్దుల్‌రసూల్ వచ్చిండు.
ఖోర్‌ల కట్టేసిన చెక్క ఓడ ఆయనది.
ఐదు నెలల సంది నానుతున్నది,
అడుగున నత్తలు పట్టినయి.
ఆయన ఊరు అవతలి ఒడ్డు,
గాలి కలిసొస్తే ఒక్క రాత్రి దూరం.

"సర్కారుకు రాయి" అన్నడు.
"ఏమని?"
"అక్కడికి సరుకు పోనియ్యమని."

అలవాటుగ మొదలుపెట్టిన:
*గౌరవనీయ మంత్రిత్వశాఖ వారి సముఖమునకు.
విషయం: పొరుగు దేశంపై ఆంక్షల ఎత్తివేత.*

ఆయన చెప్తున్నడు, నేను కోస్తున్న.
టైర్లు, టమాటా పేస్టు, ఫ్రిజ్‌లు: ఉంచిన.
బ్యాంకు పైసలు వాపసు కొట్టిన తేదీ: ఉంచిన.
చెల్లె మెహ్రంగీజ్‌కు వారానికి మూడుసార్లు రక్తం కడగాలె,
ఫిల్టర్లు దొరకక దవాఖానోళ్ళు రెండుకు తగ్గించిన్రు: ఉంచిన.
కాళ్ళకు నీరొచ్చి తన చెప్పులు పట్టక
మరిది చెప్పులేసుకొని తిరుగుతున్నది:
తీసేసిన. అర్జీల చెప్పులెందుకు?

"మందుల మీద ఆంక్ష లేదంటరు కద కాకా?"
"లేదు" అన్నడు ముసలాయన.
"మందు మీద లేదు.
మందు మోసే ఓడ మీద ఉన్నది.
ఓడ బీమా మీద ఉన్నది.
బీమాకు కట్టే పైసల మీద ఉన్నది.
మందుకైతే పూర్తి స్వేచ్ఛ."

నా వేళ్ళు ఆగినయి.

నాకు పన్నెండేండ్లప్పుడు, మెట్‌పల్లి దగ్గర మా ఊర్ల
గ్రామ కమిటీ మా గౌండ్ల వాడను వెలేసింది.
ఈత చెట్ల లెక్క కాడ
అడిగినంత కట్టమన్నడని లచ్చాగౌడ్ మీద కోపం.
మైకుల చాటిన్రు:
మాట్లాడితే ఐదు వేలు, ఉప్పమ్మితే పది వేలు.
లచ్చాగౌడ్ ఇంటికి రాత్రిపూట జీపుల బియ్యం దిగినయి.
చక్కెర లేని చాయ తాగింది మేము.
నా దోస్తు పోశెట్టి నన్ను చూసి
నేలకు చూపు దించిండు.
ఐదు వేలు వాళ్ళ నాయన యాడ తెస్తడు?

నలభై మూడు రోజులు.
మొదటి నాడు లచ్చాగౌడ్‌ను తిట్టిన మావోళ్ళే
ఆఖరి నాడు ఆయన వెనక నిలబడ్డరు.
ఇంకెవరి వెనక నిలబడాలె,
ఊరంతా మొఖం తిప్పుకున్నంక?

కర్సర్ కొట్టుకుంటున్నది.
ముసలాయన అడగకుండనే రెండు వాక్యాలు కలిపిన:
*అయ్యా, వాళ్ళ ఏలికలతో మీకు తగాదా ఉంటే
ఏలికలతోనే తేల్చుకోండి.
అత్త మీద కోపం దుత్త మీద చూపకండి.*
దుత్తకు అరబీల మాట దొరకలే,
పాలకుండ అని కొట్టిన.
చదివి వినిపిస్తే
"మా అమ్మ కూడ పగలగొట్టేది" అన్నడు, పండ్లు లేని నవ్వుతో.

నాకు ధైర్యమెక్కువని కాదు.
అర్జీ కింద టైపిస్టు పేరుండదు.
ఉంటే ఈ వాక్యాలు ఉండేవో లేవో,
నా వీసా కూడ ఏటేటా ఇట్లాంటి కాగితాల మీదనే నడుస్తది.

రేడియోల సముద్రం కబురు:
అల రెండడుగులు, గాలి వాయవ్యం.
ఏ ఒడ్డుకో చెప్పలే.

పేజీన్నర అయింది. ఇరవై రెండున్నర.
ఆయన ఇరవై ఇచ్చి,
జేబుల నుంచి గుప్పెడు ఎండు నిమ్మకాయలు తీసి
కీబోర్డు పక్కన పెట్టిండు.
అవతలి ఒడ్డువి. ఎట్లొచ్చినయో నేను అడగలే.

ఆయన తలుపు దాకా పోయినంక
"కాకా, ఆగు" అన్న.
ఫైలు మళ్ళ తెరిచి
మెహ్రంగీజ్ చెప్పులు ఎక్కించిన.
ప్రింటర్ల ఇంకు తక్కువున్నది,
సరిగ్గ ఆ వరుస కాడనే అక్షరాలు పలచబడ్డయి.
డబ్బా ఊపి
మళ్ళొక్కసారి కొట్టిన.