ఈగకే తెల్లారలేదు

పెదవాల్తేరు, మెట్ల కింద గది.
కిటికీకి నల్లగుడ్డ, దాని మీద ఇంకో నల్లగుడ్డ.
వేలెడంత గాజు గొట్టాల్లో
గొట్టానికొకటి చొప్పున పండు ఈగలు.
వాటికి ఎరుపు కనబడదు కాబట్టి
ఎర్రదీపం కింద నేను దొంగలా తిరుగుతాను.

పదకొండు రోజులుగా వాటికి సూర్యుడు లేడు.
అయినా బయట సముద్రం మీద వెలుగు తేలే వేళకి,
కాస్త అటూ ఇటూగా,
లోపల చీకట్లో లేస్తాయి.
గొట్టానికి అడ్డంగా కనబడని కిరణం,
ఈగ దాటినప్పుడల్లా కాగితం మీద గీత.
తెల్లారగట్ల ముసురు, మధ్యాహ్నం కునుకు,
పొద్దు వాలితే మళ్ళీ ముసురు.

రెండో వరస ఈగలవి మాత్రం
చిల్లర పారబోసినట్టు గీతలు.

అది మేం చేసిన పనే.
గడియారం మోసే నరాల జోలికి పోలేదు.
వాటి చుట్టూ ఒదిగి కూచుని
తిండి అందించి, చెత్త ఎత్తి,
మాటకీ మాటకీ మధ్య తడి తుడిచే కణాలుంటాయి.
మొదట చూసినవాళ్ళు జిగురనుకుని
జిగురనే పేరు పెట్టారు.
వాటి నోరు నొక్కాం, అంతే.
తర్వాత తెరిచి చూస్తే నరాల్లో గడియారం
తప్పకుండా తిరుగుతూనే ఉంది.
ఈగకే తెల్లారలేదు.

ఈగలకి గంజి కాచేది ఎర్రయ్యమ్మ.
మొక్కజొన్న పిండి, అనకాపల్లి బెల్లం, ఇంత ఈస్టు.
"జిగురుకీ ఏళకీ సమ్మందమేటమ్మా?" అంది ఓసారి.
నాకొచ్చినంత చెప్పాను. గరిటె ఆపకుండా వింది.
"అయితే మా ఇంటాయనా ఈగేనన్నమాట."

శ్రావణంలో ఆమెకి కేజీహెచ్‌లో ఆపరేషన్.
నాలుగో రోజు పరసయ్య మా గుమ్మంలో,
చెప్పులు చేత పట్టుకుని.
సెలవు చీటీ ఇచ్చి, వెళ్ళబోయి, ఆగాడు.
"బోటు నన్నొగ్గేసి ఎలిపోనాది, రెండు దినాలు.
అలారం మోగింది. సెల్లు మోగింది.
కుర్రోలు తలుపు కొట్టినారు.
మెలకువగానే ఉన్నాను తల్లీ,
మూడయిందని తెలస్తానే ఉంది.
లెగనేకపోనాను."

రోజూ ఆమె లేపుతుందా అన్నాను.
"నేదు. పొయ్యికాడ గిన్నె సప్పుడు,
గలాసు కిందెట్టిన సప్పుడు."
ఇంకేదో గుర్తుకొస్తుందేమోనని నిలబడ్డాడు,
రాలేదు.

సాయంత్రం వార్డుకి వెళ్ళాను.
పక్క మంచం ఆవిడ నాకు ఫిర్యాదు చేసింది:
రాత్రి మూడింటికి లేచి కూచుంటుందట,
స్టీలు గ్లాసు తీసి, గట్టు మీద టక్కున పెట్టి,
మళ్ళీ పడుకుంటుందట.
ఎర్రయ్యమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది,
కుట్లు లాగకుండా, కొంచెం కొంచెంగా.

ఆ రాత్రి వ్యాసం దిద్దుతున్నాను.
పద్ధతుల పేజీలో ఒక వాక్యం:
'ఆహారము యథావిధిగా తయారుచేయబడినది.'
చేయబడినది.
ఆ మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను,
వెనక పొయ్యి మీంచి
బెల్లం మాడిన వాసన వచ్చేదాకా.