తిరుగు బేరం

వాల్పరైసో రేవులో తెల్లారి ఐదున్నరకి
బెలార్మీనో పడవ ఒడ్డుకి తగిలేది.
బకెట్‌తో నిలబడి ఉండేదాన్ని.
"డాక్టరమ్మ వచ్చింది, ప్రాణమున్నది తీసి పక్కన పెట్టండ్రా" అనేవాడు.
అప్పటికి నేనింకా డాక్టర్ని కాను.
అరువు తెచ్చుకున్న మైక్రోస్కోపు,
ఎన్ని ఉతుకులు ఉతికినా నీచు వదలని స్వెట్టరు,
అంతే నా చదువు.

జిబియా అంటారిక్కడ. మనిషంత స్క్విడ్.
కోపమొస్తే ఎర్రబడి, భయమేస్తే తెల్లబోయి
మోచేతుల దాకా సిరా కక్కేది.
దాని ఒంట్లో దబ్బనం లావున ఒక నరం.
అది తెగకుండా తీయాలంటే నలభై నిమిషాలు
తుమ్ము కూడా రాకూడదు.
కొస కత్తిరించి చిన్న రబ్బరు రోలరుతో ఒత్తితే
గాజుపలక మీదికి సగ్గుబియ్యం గంజిలా జారేది
లోపలి సరుకంతా.

జీవి పోయింది. నరం తొడుగూ పోయింది.
అయినా ఆ గంజిలో సన్నటి దారాల మీద
నడుస్తూనే ఉండేవి రేణువులు,
యజమాని పోయాడన్న కబురు
ఇంకా అందని గుమాస్తాల్లా.

పదకొండేళ్ళు వాటి వెంటపడ్డాను.
కణం నడిబొడ్డు నుంచి నరం చివరికి పోయేవే నాకు లెక్క.
ఎదురొచ్చేవాటిని
'అలజడి' అని రాసి కొట్టేసేదాన్ని.

ఒక శనివారం, వాన. పడవలు కదల్లేదు.
పద్నాలుగు జిబియాల బాకీ కాగితం పట్టుకొచ్చాడు బెలార్మీనో.
డబ్బు లేక, మాట మరిపించడానికి
చూడమని కుర్చీ వేశాను.
గడ్డం ఐపీసుకి గీసుకుంటోంది. చాలాసేపు చూశాడు.
"ఇటొచ్చేవాటిని ఎంచవేం?"
"అవి పొరపాట్లు."
"పొరపాటున ఇంటికొచ్చే పడవ ఉంటుందా డాక్టరమ్మా?
పైగా పోయేవి పిడికెడున్నాయి, వచ్చేవి బొద్దుగా ఉన్నాయి.
వీటికి తిరుగు బేరం దొరికింది."

ఆ రాత్రి అతని బాకీ కాగితం వెనక
రెండో గడి గీశాను.

ఆ మరుసటేడు సముద్రానికి ఏమైందో, జిబియాలు రాలేదు.
ఆ పైయేడూ రాలేదు.
ఆరేళ్ళు ఎలకల నరాలతో సరిపెట్టుకున్నాను,
చిన్నవి, పిసినారివి.
ఉత్తరాది పత్రికకి పంపిన వ్యాసం మూడుసార్లు తిరిగొచ్చింది.
అదీ ఖాళీగా రాలేదు లెండి,
మార్జిన్ల నిండా ఎర్ర సిరా వేసుకొచ్చింది.
వెనక్కి లాగే ఆ ఇంజను ఎవరి చేతికో చిక్కింది, ఎవరో పేరు పెట్టారు.
పన్ను పీకించుకోడానికి కూర్చున్న బెంచీ మీద చదివాను.
దవడ మొద్దుబారి ఉంది, మంచిదే అయింది.

విద్యార్థులకి కొండెక్కే మన తాడుబండిని చూపించేదాన్ని:
ఒకటి పైకి, ఒకటి కిందికి.
తర్వాత మానేశాను. అబద్ధం అది.
వీటిని కట్టిన తాడు లేదు, దింపే బరువు లేదు.
మిల్లీమీటరులో లక్షో వంతైనా లేని అడుగు,
అడుగడుక్కీ కూలి చెల్లించాల్సిందే.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. అరికాళ్ళు తెలియడం లేదు.
"ఇస్మేనియా గారూ, పొడవాటి నరాలే ముందు దెబ్బతింటాయి" అని
కుర్ర డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు.
బాణం గుర్తు ఒకవైపే పెట్టాడు.
పెన్ను అడుగుదామనుకున్నాను. అడగలేదు.
బయట ఇంకా ఎనిమిది మంది ఉన్నారు.

రాత్రి దుప్పటి కింద బొటనవేలు కదుపుతాను.
సోమవారం సాయంత్రం వెన్నులో బయల్దేరింది
దారి బాగుంటే గురువారం పొద్దున్నకి అక్కడ దిగుతుంది.
దిగి ఊరుకోదు.
చిరిగినవీ అరిగినవీ, చలి వేస్తోందన్న ఫిర్యాదూ
ఎత్తుకుని మళ్ళీ ఎక్కుతుంది
ఇటువైపు.